మూడంచెల పెరటి అరుగు: నల్లరేగడి మీద, మే ఎండ కింద

వంటింటి వెనక తలుపు తీస్తే మూడడుగుల దిగుడు. అక్కడ ఇరుకుగా నాలుగు మెట్లు, కిందంతా మట్టి. కడప, ప్రొద్దుటూరు, కర్నూలు వైపు కొత్త ఇళ్లలో చాలావాటికి వెనక భాగం ఇలాగే మిగిలిపోతుంది. ఈమధ్య వీడియోలు చూసి అక్కడ చెక్క డెక్ వేయించమని అడిగేవాళ్లు పెరిగారు. అంచెలంచెలుగా దిగే వేదిక అనే ఆలోచన చాలా మంచిది. అయితే ఆ వీడియోల్లోని నేల వేరు, ఎండ వేరు. మన దగ్గర కట్టేటప్పుడు మూడింటికి లెక్క చెప్పాలి: ఉబ్బి కుంగే నల్లరేగడి, 43, 44 డిగ్రీల మే ఎండ, ఆగస్టు నుంచి నవంబరు దాకా వచ్చే ఉక్కపోతా వానలూ. చెదలు ఏడాది పొడవునా ఉండేవే.

మేం సూచించే పద్ధతిలో కింది రెండు అంచెలూ నాపరాయి పరిచిన అరుగులు. పై అంచె మాత్రం, కింద గాలి ఆడేలా, స్తంభాల మీద నిలబడే వేదిక. ఈ మూడూ ఒకదానికొకటి, ఇంటికీ అంటకుండా వేటికవి నిలబడాలి. పెరటి అరుగుల్లో కనిపించే పగుళ్లలో ఎక్కువ భాగం వేర్వేరుగా కదిలే వాటిని సిమెంటుతో ఒకటిగా బిగించడం వల్ల వచ్చినవే. ఇల్లు లోతైన పునాది మీద కదలకుండా ఉంటుంది. అరుగు పైమట్టి మీద కూర్చుని వానకు లేస్తుంది, ఎండకు దిగుతుంది. రెండింటి మధ్య ముప్పావు అంగుళం ఖాళీ వదిలితే ఎవరి కదలిక వాళ్లది. ఖాళీ వదలకుండా పూత పూస్తే పగులు ఇంటి గోడ మీదికే వస్తుంది.

ముందు నేల సంగతి తేల్చుకోండి. ఏప్రిల్లో పెరట్లో చెయ్యి దూరేంత నెర్రెలు కనిపిస్తే అది నల్లరేగడే, అనుమానం అక్కర్లేదు. అనంతపురం వైపు ఎర్రనేలల్లో రెండున్నర, మూడడుగులు తవ్వేసరికి గట్టి గరుసో రాయో తగులుతుంది, పునాదికి అది చాలు. నల్లరేగడిలో అలా కాదు. మొరం తగిలేదాకా పోవాలి, అది 5 అడుగులు కావచ్చు, 6 కావచ్చు. అప్పటికీ తగలకపోతే మామూలు గుంతలు మానేసి, అడుగున గడ్డలా వెడల్పయ్యే పైల్స్ (నేలలోకి దిగే కాంక్రీటు స్తంభాలు) 10, 12 అడుగుల లోతుకు వేయించాలి. అది ఇంజనీరు చూసి చెప్పాల్సిన పని. మూడడుగులు చాలులే అని మేస్త్రీ చెప్పినా నల్లమట్టిలో ఒప్పుకోవద్దు. బరువు తక్కువ, కట్టడం చిన్నది అనే ధీమా ఇక్కడ పనికిరాదు. కట్టడం ఎంత తేలికైతే ఉబ్బే మట్టి దాన్ని అంత సులువుగా ఎత్తేస్తుంది.

ఇక ఎత్తులు. ఈ లెక్క కాగితం మీద కుదరందే గడ్డపార ఎత్తకూడదు. వంటింటి నేల పెరటి నేలకన్నా 38 అంగుళాల ఎత్తు ఉందనుకుందాం. పై అంచె దానికి 2 అంగుళాలు దిగువన, అంటే 36 దగ్గర ఉండాలి. ఆ రెండంగుళాలు వదలకపోతే గాలివానకు నీళ్లు గడప దాటి లోపలికి వస్తాయి. మధ్య అంచె 18 దగ్గర, కింది అంచె 6 దగ్గర. అప్పుడు ప్రతి మెట్టూ సరిగ్గా 6 అంగుళాలు: పైనుంచి మధ్యకు మూడు, మధ్య నుంచి కిందికి రెండు, నేలకు ఒకటి. మీ ఇంటి బేస్‌మట్టం వేరైతే మొత్తం ఎత్తులోంచి 2 తీసేసి, ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య వచ్చేలా సమంగా భాగించండి. ఒక్క మెట్టు అరంగుళం తేడా వచ్చినా చీకట్లో కాలు తడబడేది అక్కడే, ముఖ్యంగా పెద్దవాళ్లకు. అడుగు వేసే వెడల్పు 11 నుంచి 12 అంగుళాలు ఉండాలి. ఈ కొలతల్లో ఇంకో లాభం ఉంది. మధ్య అంచెలో నిలబడితే పై అంచె అంచు 18 అంగుళాల ఎత్తున, కుర్చీ ఎత్తులో ఉంటుంది. నలుగురైదుగురు వచ్చినా వరుసగా కూర్చోవచ్చు.

పై అంచె 12 అడుగులకు 8 అడుగులు అనుకుని లెక్క చెప్తాం. మూడు వరుసల్లో వరుసకు మూడు చొప్పున 9 స్తంభాలు. వరుసలో స్తంభానికీ స్తంభానికీ 6 అడుగులు, వరుసకూ వరుసకూ 4 అడుగులు. ఇంటివైపు వరుసను ఇంటి గోడకు ఆనించవద్దు. గోడలో బోల్టులు దిగ్గొట్టి దూలం వేలాడదీస్తే మూడు స్తంభాల ఖర్చు మిగులుతుంది, కానీ మొదట్లో చెప్పిన పగులు తప్పదు. పునాది 2 అడుగుల చదరం, అడుగు మందం, అందులో 10 మి.మీ. కడ్డీలు అటు నాలుగు ఇటు నాలుగు. స్తంభం 9 అంగుళాల చదరం, నాలుగు 12 మి.మీ. కడ్డీలు, 6 అంగుళాలకు ఒక రింగు. కాంక్రీటు పాళ్లు 1:1½:3 (సిమెంటు, ఇసుక, కంకర). గుంత 5 అడుగుల లోతైతే పునాదులకూ స్తంభాలకూ కలిపి సుమారు 16 మూటల సిమెంటు, 12 మి.మీ. కడ్డీలు 70 కిలోలు, 10 మి.మీ. కడ్డీలు 25 కిలోలు పడతాయి. రింగులు వేరు.

గుంత పూడ్చడంలో నిర్లక్ష్యం ఎక్కువ. తవ్విన నల్లమట్టే తిరిగి పోస్తే అది వానకు ఉబ్బి స్తంభాన్ని పక్కల నుంచి పట్టుకుని పైకి లాగుతుంది. స్తంభానికి మట్టిలో ఉండే భాగమంతా రెండు చుట్లు మందపాటి పాలిథీన్ చుట్టి, మొరం పోసి, అర్ధడుగుకొకసారి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. పైన 4 అంగుళాల మేర సిమెంటు బెడ్డు వేసి ఇంటినుంచి బయటికి వాలు ఇస్తే నీళ్లు ఆ గుంతల్లోకి దిగవు. పై అంచె బండల మధ్య సందుల్లోంచి వాన కిందికి కారుతుంది కాబట్టి ఈ వాలు బెడ్డు వేదిక కిందంతా ఉండాలి, 4 అడుగులకు ఒక అంగుళం చొప్పున. లేదంటే ఇంటి పునాది పక్కనే నల్లమట్టి నానుతుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో కురిసినట్టు వానలు కురిస్తే ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే తెలిసి ఉండాలి. ఇంటినుంచి కనీసం 6 అడుగుల దూరం తీసుకెళ్లి వదలండి.

కాంక్రీటుకు వాడే నీళ్ల గురించి. అనంతపురం జిల్లాలో, కడపలో కొన్ని ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. నోట్లో వేసుకుంటే ఉప్పు తెలిసే నీళ్లతో కడ్డీల కాంక్రీటు కలపకూడదు. లోపల కడ్డీ తుప్పు పట్టి, ఉబ్బి, కొన్నేళ్లకు స్తంభం నిలువునా చీలుతుంది. ట్యాంకరు తెప్పించుకోండి, 2 ఘనపు మీటర్ల పనికి పెద్ద ఖర్చేమీ కాదు. తడపడం కనీసం 10 రోజులు. ఎండలో పైపుతో కొట్టిన నీళ్లు అరగంటలో ఆరిపోతాయి, కాబట్టి గోనెపట్టలు చుట్టి వాటిని తడుపుతూ ఉండాలి. అసలు ఈ పనికి జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. మట్టి తవ్వకానికి లొంగుతుంది, కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుంది, మే రాకముందే పని అయిపోతుంది.

స్తంభాల బదులు రాతి కూసాలు నిలబెట్టొచ్చా అని అడుగుతారు. చూడటానికి నిండుగా ఉంటాయి, చెదపట్టవు, తుప్పు పట్టవు. కానీ వాటి నెత్తిన ఇనుప దూలాన్ని పక్కలకు జరగకుండా పట్టించడం కష్టం. పందిరికి కూసాలు వాడండి. మనుషులు తిరిగే వేదికకు కాంక్రీటే మేలు.

స్తంభం తల మీద కాంక్రీటు పోసేటప్పుడే నాలుగు 12 మి.మీ. బోల్టులు నిలబెట్టాలి. వాటి దూరాలు చెదరకుండా ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు చేసి అచ్చులా వాడతారు. ఆపైన 6 అంగుళాల చదరపు, 8 మి.మీ. ప్లేటు. దాని మీద 4 అంగుళాల చానల్ (ఇంగ్లిషు C ఆకారపు ఇనుము) దూలం, 12 అడుగులవి మూడు. వాటి మీద అడ్డంగా, రెండడుగులకొకటి చొప్పున 3 అంగుళాల చానళ్లు, 8 అడుగులవి. ఇవి ఏడు చోట్ల వస్తాయి. అయితే బండ అంచులు కలిసే రెండు చోట్ల, అంటే 4 అడుగుల దగ్గరా 8 అడుగుల దగ్గరా, ఒక్క చానల్ సరిపోదు. దాని వెడల్పు ఒకటిన్నర అంగుళమే. రెండు బండలు పంచుకుంటే ఒక్కోదానికి ముప్పావు అంగుళం ఆనిక కూడా మిగలదు, అంచు విరిగి బండ కిందికి జారుతుంది. ఆ రెండు చోట్లా రెండు చానళ్లను ముఖాముఖి పెట్టి పెట్టెలా అతకాలి, చివర్లు మూసేయాలి. మూయకపోతే లోపల చెమ్మ చేరి బయటికి కనిపించకుండా తుప్పు తింటుంది. అంటే చిన్న చానళ్లు మొత్తం 9. ఇనుము అన్నీ కలిపి 260 కిలోల పైన అవుతుంది.

స్తంభాల ఎత్తు ఇలా వస్తుంది: 36 లోంచి బండ 2, చిన్న చానల్ 3, పెద్ద చానల్ 4 తీసేస్తే ఇంటివైపు 27 అంగుళాలు. మధ్య వరుస 26½, బయటి వరుస 26 పెట్టండి, 8 అడుగులకు అంగుళం వాలు దొరుకుతుంది. దానివల్ల బయటి అంచు 35 దగ్గరికి వస్తుంది కాబట్టి అక్కడి మూడు మెట్లకూ ఆ తేడాను సమంగా పంచండి. ఎత్తులు ట్యూబులో నీళ్లు పోసి చూసుకోవాలి. ఇంత దూరానికి రసమట్టం ఒక్కదాన్నే నమ్మితే తప్పు పోగుపడుతుంది. 12 అడుగుల ఇనుము చలికాలం తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య సుమారు 2 మి.మీ. పెరుగుతుంది, కాబట్టి ప్లేటుకు ఒక చివర రంధ్రం కోలగా ఉండాలి. అతుకుల మీద పెచ్చు కొట్టి, రుద్ది, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఆపైన ఎనామిల్ రెండు పూతలు. బండలు పరిచాక పైభాగానికి బ్రష్ చేరదు, కాబట్టి రంగు పని ముందే పూర్తి కావాలి.

ఇప్పుడు బండలు. ఇది మన సొంత సరుకు. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, ఎటు పోయినా నాపరాయి దొరుకుతుంది. పై అంచెకు 4 అడుగుల పొడవు, 11¾ అంగుళాల వెడల్పు, నిండు 2 అంగుళాల మందం ఉన్నవి 24 కావాలి. 27 తెచ్చుకోండి. ఒక్కో బండ 48 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు మోయాలి. దింపుకునే ముందు ప్రతి బండనూ ఒక చివర ఎత్తి పట్టుకుని సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. బొద్దుగా, చప్పగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు, కంటికి కనపడకపోయినా తిరిగి పంపేయండి. నీళ్లు చల్లి ఆరనిచ్చినా తెలుస్తుంది. బండంతా ఆరాక కూడా సన్నటి తడిగీత మిగిలితే అదే నెర్రె. నేల మీద పరిచే బండకైతే ఇంత పరీక్ష అక్కర్లేదు, గాలిలో నిలబడే బండకు తప్పదు.

చానల్ మీద నేరుగా బండ పెట్టకూడదు. పాత ట్యూబు కత్తిరించిన రబ్బరు పట్టీలు వేసి వాటి మీద దించాలి. మధ్య చానల్ చివరి రెండింటికన్నా గోటి మందం కూడా ఎత్తుగా ఉండకూడదు. ఎత్తుగా ఉంటే బండ తక్కెడలా ఊగుతుంది, ఒక చివర తొక్కినప్పుడు నడుము దగ్గర విరుగుతుంది. దారం లాగి చూసి, అవసరమైతే చివరి పట్టీలు రెండు పొరలు వేయండి. బండకూ బండకూ 5 మి.మీ. సందు. ఆ సందుల్లో సిమెంటు నింపకండి. వాన దిగేది, కింది గాలి పైకి వచ్చేది అందులోంచే.

కింద గాలి ఆడటం వల్ల కలిగే మేలు రాత్రి తెలుస్తుంది. మట్టి నింపిన అరుగు పగలంతా తాగిన వేడిని రాత్రి చాలాసేపు వదులుతూనే ఉంటుంది. రెండంగుళాల బండకు కిందా పైనా గాలి తగిలితే అది ముందే చల్లారుతుంది. భోజనాలు, పడకలు పై అంచె మీద పెట్టుకునేలా అనుకోండి. అసలు నల్లటి కడప బండ మే మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు. లేత రంగుది కొంత నయం. కొనేముందు రెండు రంగుల ముక్కలు తెచ్చి మధ్యాహ్నం 2 గంటలకు ఎండలో పెట్టి, గంటాగి అరికాలు ఆనించి చూడండి. ఏ సేల్స్‌మన్ మాటకన్నా అది నమ్మకం. నున్నగా పాలిష్ పట్టినవి వద్దు, తడిస్తే జారతాయి. గని నుంచి వచ్చిన గరుకు ముఖమే పైకి ఉంచండి. నాపరాయి సున్నపురాయి జాతిది కనుక నిమ్మరసం, చింతపులుసు, యాసిడ్ పడితే తెల్లటి మరక పడుతుంది, అది కడిగితే పోదు. అంట్లు తోమే చోటు కింది అంచె పక్కన వేరుగా పెట్టుకోవడం అందుకే మంచిది.

కింది రెండు అంచెల పని తేలిక. మధ్యది 12కు 10 అడుగులు, కిందిది 12కు 6 అనుకుంటే, చుట్టూ అడుగు మందాన సైజు రాళ్ల గోడ, 1:6 సిమెంటు ఇసుకతో, పునాది రెండడుగుల లోతు. లోపలి నల్లమట్టి పైపొర అడుగు మేర తీసేసి మొరం నింపాలి. ఒక్క మధ్య అంచెకే రెండు ట్రాక్టర్లకు పైన పడుతుంది. అర్ధడుగు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టండి. ఒకేసారి నింపేసి పైపైన కొడితే మొదటి వానకే కుంగుతుంది. గోడకు నాలుగడుగులకొక చోట 2 అంగుళాల పైపు ముక్క పెట్టి వెనక కంకర పోస్తే లోపలి నీరు బయటికి వస్తుంది. పైన 2 అంగుళాల ఇసుక, దాని మీద బండలు, సందుల్లో మళ్లీ ఇసుకే. కింద కాంక్రీటు వేసి సిమెంటుతో అతికించమని మేస్త్రీ పట్టుబడతాడు. ఈ నేలలో ఈ అంచెలు రెండు మూడేళ్లకు కొద్దిగా ఎగుడుదిగుడు అవుతాయి, దాన్ని ఆపలేం. ఇసుక మీదివైతే గడ్డపారతో బండ లేపి, గుప్పెడు ఇసుక వేసి మళ్లీ దించితే ఒక్కపూట పని. అతికించినవైతే పగలగొట్టాల్సిందే. మధ్య అంచె గోడకూ పై అంచె స్తంభాలకూ నడుమ కూడా ఆ ముప్పావు అంగుళం ఖాళీ మరవద్దు.

చెక్కే కావాలనేవాళ్లకు: పై అంచె బండల చోట చెక్క వేసుకోవచ్చు, ఇనుప చట్రం అదే, కాకపోతే చానళ్లు 16 అంగుళాలకొకటి రావాలి. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు దొరికే టేకు దంతెలు (పైకప్పు మోసే అడ్డ దూలాలు) కోయించుకుంటే దశాబ్దాలుగా ఆరిన కొయ్య, వంకర తిరగదు. కోతకు పంపేముందు మేకులన్నీ పీకించండి. నాలుగైదు అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం పలకలు. అడ్డపు వెడల్పులో టేకు పలక మే నెలకూ అక్టోబరుకూ మధ్య 2 మి.మీ. దాకా ముడుచుకుని విచ్చుకుంటుంది, కాబట్టి సందు 5 మి.మీ. ఉండాలి. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ముందు రంధ్రం చేసి. ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందూ వానలు వెళ్లాకా, అవిసెనూనె పట్టించాలి. ఆ ఓపిక లేకపోతే చెక్క జోలికి పోకండి. ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీ పలకలకు చెద భయం లేదు గానీ ఎండకు బాగా వేడెక్కుతాయి, పొడవులో సాగుతాయి. 3 మీటర్ల పలకకు చివర 5, 6 మి.మీ. వదలకుండా బిగిస్తే మే నెలలో మధ్యలో విల్లులా లేస్తుంది.

చెదల కోసం, వాలు బెడ్డు వేయకముందే మొరం మీద ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి చదరపు మీటరుకు 5 లీటర్లు తడపాలి. బావి, బోరు దగ్గర వద్దు, కూరగాయల మడులకు తగలనీయొద్దు. స్తంభాల చుట్టూ ఏమీ ఆనించకుండా ఉంచితే చెద మట్టిగీతలు పైకి పాకడం కంటపడుతుంది. అందుకే వేదిక కింద కట్టెలు, పాత సామాను పేర్చకూడదు. తేళ్లు, పాములు చేరేదీ అక్కడే. మూడు వైపులా సన్న మెష్ తలుపులు పెట్టి, నెలకోసారి తెరిచి చీపురుతో ఊడ్చేలా ఉంచండి.

పై అంచెకు మూడడుగుల దిగుడు ఉన్న వైపుల్లో మూడున్నర అడుగుల కటకటాలు కావాలి, కడ్డీల మధ్య 4 అంగుళాలు మించకుండా. దాని కాళ్లు దూలాలకు బోల్టు చేయాలి, బండకు కాదు. పైన చెయ్యి ఆనే చోట టేకు కర్ర వేయించండి, ఎండలో ఇనుము పట్టుకోలేం.

నీడ లేకపోతే ఇదంతా సాయంత్రం ఆరు దాటాకే పనికొస్తుంది. పెరడు తూర్పుకు ఉంటే మధ్యాహ్నం నుంచి ఇంటి నీడే పడుతుంది. పడమటి పెరడైతే పందిరి తప్పనిసరి. రేకులు వద్దు. కింద కూర్చున్నవాళ్లను కాలుస్తాయి, పైగా జూన్, జూలైల్లో అనంతపురం వైపు వీచే గాలికి లేచిపోతాయి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. 75 శాతం నీడ ఇచ్చే గ్రీన్ నెట్ గాలిని దాటనిస్తుంది. చిక్కుడో సొరో పందిరి పైకి పాకించుకుంటే నీడ ఇంకాస్త పెరుగుతుంది. వేప, కానుగ నాటితే స్తంభాలకూ ఇంటికీ వీలైనంత దూరం ఉంచండి. చెట్టు వేర్లు నల్లమట్టిలోని తడి పీల్చేసి, ఆ పక్క నేలను మరింత కుంగదీస్తాయి. పాదు నీళ్లు అరుగు గోడ పక్కన నిలవకూడదు.

వానాకాలం నీడపట్టున బండల మీద పాచి పడుతుంది. బ్లీచింగ్ పొడి చల్లి, గట్టి చీపురుతో రుద్ది కడిగేస్తే చాలు, యాసిడ్ ముట్టుకోవద్దు. ఏటా మార్చిలో ఒకసారి ప్లేట్ల బోల్టులు బిగించి, తుప్పు చుక్కలు రుద్ది రంగు తాకించండి. పై అంచె బండ ప్రతిదాని మీదా ఒక చివర నిలబడి చూడండి. టకటకమన్న బండ కింద రబ్బరు పట్టీ జారినట్టే, ఆ రోజే లేపి సరిచేయాలి.